ఎరుపు-పసుపు-నీలమా, ఎరుపు-ఆకుపచ్చ-నీలమా? మీ పనికి ఏ మూడు రంగులు?

బొమ్మలు వేయడం నేర్పేవాళ్లు మూల రంగులు మూడు అంటారు: ఎరుపు, పసుపు, నీలం. సైన్సు పుస్తకం కూడా మూడే అంటుంది, కానీ పసుపును తీసేసి ఆ చోట ఆకుపచ్చను పెడుతుంది. ప్రింటర్ మూత తీసి చూస్తే ఈ రెండు జాబితాల్లోనూ లేని సయాన్ (ఆకుపచ్చ కలిసినట్టుండే నీలం), మెజెంటా (ఊదా కలిసినట్టుండే గులాబి) కనిపిస్తాయి. వాటి పక్కన పసుపు, నలుపు. వీటిలో ఏది నిజం అని అడిగితే, మూడూ నిజమే. కాకపోతే మూడు వేర్వేరు పనులకు. ఒక పని లెక్కను తెచ్చి ఇంకో పనికి వాడినప్పుడే మొదటికి మోసం వస్తుంది.

ఆ పొరపాటు నేనూ చేశాను. ఒకసారి స్క్రీన్ మీద మెరిసిపోయే నీలంతో ఒక ఆహ్వానపత్రం తయారుచేసుకున్నాను. ప్రింటై వచ్చాక చూస్తే ఆ నీలం లేదు, వాడిపోయిన ఊదా రంగు ఉంది. ప్రింట్ వేసినవాళ్ల తప్పేమీ కాదు. నేను ఎంచుకున్న నీలం వెలుగులో ఉంది, ఇంకులో లేదు. అప్పటి నుంచి ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఇది ఏ రకం కలయిక అని తేల్చుకున్నాకే రంగు ముట్టుకుంటున్నాను.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇది: మీరు రంగు వేయకముందు అక్కడ ఏముంది, చీకటా, తెలుపా?

ఆపేసిన ఫోన్ స్క్రీన్ నల్లగా ఉంటుంది. లైట్లు వేయని స్టేజీ చీకటిగా ఉంటుంది. అక్కడ మీరు వేసే ప్రతి రంగూ కొత్తగా వెలుగును తెచ్చి కలుపుతుంది. అందుకే కలిపేకొద్దీ తెలుపు వైపు వెళ్తారు. కాగితం, కాన్వాసు, తెల్ల గోడ అలా కాదు. వాటి మీద పడిన వెలుగులో చాలా భాగాన్ని అవి మొదటి నుంచే వెనక్కి పంపిస్తుంటాయి. వాటి మీద మీరు పూసే ప్రతి రంగూ ఆ వెలుగులోంచి కొంత మింగేస్తుంది. కలిపేకొద్దీ నలుపు వైపు వెళ్తారు. మొదటిది కూడిక, రెండోది తీసివేత.

తర్వాత చూసుకోవాల్సినవి మరో మూడు. మీ పనిని జనం చివరికి ఎక్కడ చూస్తారు, స్క్రీన్ మీదా, కాగితం మీదా, గోడ మీదా? మీకు తప్పనిసరిగా కావాల్సిన రంగు ఏది? ఒక పద్ధతిలో సులువుగా వచ్చే రంగు ఇంకో పద్ధతిలో అసలు రాకపోవచ్చు. చివరిది, అదే రంగు మళ్లీ మళ్లీ అచ్చం అలాగే రావాలా, లేక కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదా?

ఒకే జత రంగులు రెండు చోట్లా ఎలా మారిపోతాయో ఈ పట్టికలో చూడండి.

| కలిపినవి | వెలుగులో వచ్చేది | పెయింట్‌లో, ఇంకులో వచ్చేది |
|---|---|---|
| ఎరుపు + ఆకుపచ్చ | పసుపు | మట్టి రంగు, ముదురు గోధుమ |
| నీలం + పసుపు | తెలుపు | ఆకుపచ్చ, లేదా మసక ఆకుపచ్చ |
| ఎరుపు + నీలం | మెజెంటా | చాలాసార్లు మసక ఊదా |
| సయాన్ + పసుపు | బాగా లేత ఆకుపచ్చ | తేటైన ఆకుపచ్చ |
| మూడు మూల రంగులూ | తెలుపు | నలుపుకు దగ్గరైన ముదురు రంగు |

రెండో వరుస దగ్గర చాలామంది నమ్మరు. నీలం, పసుపు కలిస్తే తెలుపు ఎలా వస్తుంది? జవాబు మన కంట్లోనే ఉంది. రంగును పట్టే కోన్ కణాలు మూడు రకాలు. ఒక రకం దాదాపు 420 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగుకు, రెండోది 530 చుట్టుపక్కల, మూడోది 560 చుట్టుపక్కల ఎక్కువగా స్పందిస్తాయి. కన్ను ఆ వెలుగులో ఏయే తరంగాలు ఉన్నాయో విడివిడిగా లెక్కపెట్టదు, ఈ మూడు రకాల కణాలు ఎంతెంత స్పందించాయో మాత్రమే చూస్తుంది. సోడియం దీపం నుంచి వచ్చే 589 నానోమీటర్ల అచ్చమైన పసుపు పడినా, ఎరుపు వెలుగూ ఆకుపచ్చ వెలుగూ తగిన పాళ్లలో కలిసి పడినా ఆ స్పందన ఒకేలా ఉండొచ్చు. అప్పుడు రెండూ మనకు ఒకే రంగు. పసుపులో ఎరుపు, ఆకుపచ్చల వంతు ఉందన్నమాట. దానికి నీలం కూడా తోడైతే మూడు రకాల కణాలకూ వాటా అందుతుంది, తెలుపు కనిపిస్తుంది.

కంట్లో ఇలా మూడు రకాల గ్రాహకాలు ఉండాలని ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ 1802లోనే ఊహించాడు. వెలుగును కలపడం, పిగ్మెంట్‌ను (పెయింట్‌కు రంగునిచ్చే పదార్థాన్ని) కలపడం వేర్వేరు పనులని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫన్ హెల్మ్‌హోల్ట్జ్ 1852లో స్పష్టంగా విడదీసి చెప్పాడు. అప్పటిదాకా రెండింటికీ ఒకే నియమం వర్తిస్తుందని చాలామంది పండితులు కూడా అనుకున్నారు. కాబట్టి మీకు ఇది తికమకగా ఉంటే కంగారు పడకండి.

వెలుగు రంగులు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం

ఇది స్క్రీన్లు, స్టేజీ లైట్లు, ప్రొజెక్టర్లు, గదిలో పెట్టుకునే ఎల్ఈడీ స్ట్రిప్‌ల లెక్క. కళ్లారా చూడాలంటే ఫోన్‌లో తెల్ల పేజీ ఒకటి తెరిచి, అద్దం మీద ఆవగింజంత నీటి చుక్క పెట్టండి. చుక్క భూతద్దంలా పనిచేస్తుంది. తెలుపు అనుకున్నచోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు పక్కపక్కనే మెరుస్తూ కనిపిస్తాయి. ఇప్పుడు పసుపు రంగు బొమ్మ పెట్టండి. నీలం చుక్కలు ఆరిపోతాయి, లేదా బాగా తగ్గిపోతాయి. పసుపు అనేది అక్కడ ఎక్కడా లేదు, ఎరుపూ ఆకుపచ్చా మాత్రమే ఉన్నాయి. ఈ విషయం ఎన్ని పేజీలు చదివినా అంత గట్టిగా ఎక్కదు, ఆ చుక్కలోంచి ఒక్కసారి చూస్తే చాలు.

ఈ పద్ధతి బలం కచ్చితత్వం. ప్రతి రంగుకూ 0 నుంచి 255 దాకా అంకె ఇవ్వొచ్చు, అంటే మొత్తం 1,67,77,216 కలయికలు. ఈరోజు ఇచ్చిన అంకె రేపు కూడా అదే. మెరుపు రంగుల విషయంలోనూ దీనికి సాటి లేదు. నియాన్ లాంటి ఆకుపచ్చ, కళ్లు జిగేల్‌మనే నీలం ఇక్కడ సులువు.

బలహీనత ఏమిటంటే, స్క్రీన్ స్క్రీన్‌కూ చూపు మారుతుంది. ఒకే అంకెలు ఒక ఫోన్‌లో కాస్త వెచ్చగా, ఇంకో ఫోన్‌లో చల్లగా కనిపిస్తాయి. ఈ తేడా తగ్గించడానికే 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే ఉమ్మడి కొలతను ప్రతిపాదించాయి. ఎక్కడ చూస్తారో తెలియని బొమ్మకు ఇప్పటికీ అదే క్షేమం.

గది లైట్లు, స్టేజీ లైట్లు కొనేవాళ్లకు ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు మూడూ కలిపి వెలిగిస్తే గోడ తెల్లగానే కనిపిస్తుంది. కానీ ఆ తెలుపులో మనుషుల ముఖాలు తేడాగా ఉంటాయి. సూర్యకాంతిలో అన్ని తరంగాలూ ఉంటాయి. ఈ తెలుపులో ఉన్నవి మూడు గుట్టలు, మధ్యలో ఖాళీలు. చర్మం, చెక్క, నారింజ రంగు బట్టలు ఆ ఖాళీల్లోని వెలుగును కూడా బాగా వెనక్కి పంపుతాయి. అందుకే మూడుతో పాటు విడిగా తెల్ల ఎల్ఈడీ, లేదా ఆంబర్ (తేనె రంగు) ఎల్ఈడీ ఉన్న లైట్లు తయారుచేస్తారు. రంగుల హడావిడి మాత్రమే కావాలంటే మూడు రంగుల లైట్ సరిపోతుంది. ఆ వెలుగులో మనుషులు కూర్చుని మాట్లాడుకోవాలంటే, చదువుకోవాలంటే నాలుగోది ఉన్నదే తీసుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వెలుగుతో చేసే పనంతా కూడికే అనుకుంటే పొరపాటు. రెండు టార్చిలైట్లు తీసుకుని ఒకదానికి ఎర్ర సెల్లోఫేన్, ఇంకోదానికి ఆకుపచ్చ సెల్లోఫేన్ చుట్టి రెండు వెలుగులనూ గోడ మీద ఒకేచోట వేయండి. పసుపుదనం వస్తుంది. ఇప్పుడు ఆ రెండు కాగితాలనూ ఒకే టార్చికి ఒకదాని మీద ఒకటి చుట్టండి. వెలుగు దాదాపు ఆగిపోతుంది. మొదటి కాగితం దాటి వచ్చిన ఎరుపును రెండోది ఆపేస్తుంది. వస్తువులు అవే, అమరిక మారితే కూడిక కాస్తా తీసివేత అయిపోయింది. వెలుగులు రెండు చోట్ల నుంచి వచ్చి కలుస్తున్నాయా, ఒకే వెలుగు రెండు జల్లెడలు దాటుతోందా అన్నది చూసుకోవాలి.

పెయింట్ రంగులు: ఎరుపు, పసుపు, నీలం

బొమ్మలు వేసేవాళ్లకు ఇది తరతరాలుగా వస్తున్న లెక్క. 18వ శతాబ్దం మొదట్లో జేకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ ఈ మూడు రంగుల పలకలతోనే రంగుల చిత్రాలు అచ్చువేశాడు. దీన్ని తప్పు అని కొట్టిపారేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. నేను ఆ మాట అనను. అప్పట్లో తేటగా ఉండి, వెలిసిపోకుండా నిలిచే సయాన్, మెజెంటా పిగ్మెంట్లు దొరికేవి కావు. సయాన్‌కు దగ్గరగా ఉండే థాలో బ్లూ 1930లలో, మెజెంటాకు దగ్గరైన క్వినాక్రిడోన్ రంగులు 1950ల చివర్లో మార్కెట్‌లోకి వచ్చాయి. ఉన్న రంగులతో పనిచేసినవాళ్లు ఉన్న రంగుల లెక్కే రాసుకున్నారు.

అసలు సమస్య "నీలం" అనే మాటతో వస్తుంది. పెయింట్ ట్యూబులో ఉండేది ఒక పేరు కాదు, ఒక పదార్థం. అల్ట్రామెరీన్ నీలాన్ని లెమన్ యెల్లోతో కలపండి, ఆకుపచ్చ వస్తుంది గానీ నీరసంగా ఉంటుంది. అదే లెమన్ యెల్లోను థాలో బ్లూతో కలిపితే చిగురాకులా తేటగా వస్తుంది. ఎందుకని? పసుపు పిగ్మెంట్ నీలం వెలుగును మింగుతుంది. నీలం పిగ్మెంట్ ఎరుపు వెలుగును మింగాలి. అప్పుడు ఇద్దరూ వదిలేసింది ఆకుపచ్చ ఒక్కటే, మన కంటికి వచ్చేది అదే. థాలో బ్లూ ఎరుపును బాగా మింగుతుంది, ఆకుపచ్చను కొంత వదులుతుంది. అల్ట్రామెరీన్ ఊదా వైపు మొగ్గు ఉన్న నీలం. అది ఆకుపచ్చను కూడా చాలావరకు మింగేస్తుంది, ఎరుపును మాత్రం కాస్త వదిలేస్తుంది. కాబట్టి మిగిలేది తక్కువ, అందులోనూ మలినం.

ఊదా రంగు దగ్గర ఇదే కథ తిరగబడుతుంది. నారింజ వైపు మొగ్గు ఉన్న క్యాడ్మియం రెడ్‌ను అల్ట్రామెరీన్‌తో కలిపితే వంకాయ తొక్క రంగు కూడా రాదు, బురద వస్తుంది. క్వినాక్రిడోన్ రోజ్‌తో అదే అల్ట్రామెరీన్ కలిపితే నిండైన ఊదా. చాలామంది "నాకు చెయ్యి తిరగలేదు" అని బాధపడతారు. తప్పు చేతిది కాదు, ట్యూబుది.

దీనికి చిత్రకారులు కనిపెట్టిన ఉపాయం ఆరు రంగుల పాలెట్. ప్రతి మూల రంగులోనూ రెండేసి: ఆకుపచ్చ వైపు ఉన్న పసుపు, నారింజ వైపు ఉన్న పసుపు, నారింజ వైపు ఉన్న ఎరుపు, గులాబి వైపు ఉన్న ఎరుపు, ఊదా వైపు ఉన్న నీలం, ఆకుపచ్చ వైపు ఉన్న నీలం. తేటైన రంగు కావాలంటే ఒకరి వైపు ఒకరు మొగ్గిన జతను తీసుకోవాలి. మట్టి, చెట్ల బెరడు, మబ్బు పట్టిన ఆకాశం లాంటివి కావాలంటే ఎదురెదురు మొగ్గు ఉన్నవాటిని కలపాలి. నిజానికి బొమ్మల్లో ఎక్కువ భాగం ఇలాంటి అణిగిన రంగులే. ఎరుపు-పసుపు-నీలం పాత లెక్క ఈ రంగులను చేతికి తేలిగ్గా అందిస్తుంది కాబట్టే ప్రకృతి దృశ్యాలు, ముఖచిత్రాలు వేసేవాళ్లు దాన్ని వదల్లేదు.

పెయింట్‌లో కచ్చితత్వం తక్కువ. ఒక్కో పిగ్మెంట్ బలం ఒక్కోలా ఉంటుంది. థాలో బ్లూ మరీ గడుసుది, కుంచె కొనతో తాకినంత వేసినా పసుపు కుప్పంతా తిరిగిపోతుంది. అందుకే పసుపులోకి నీలాన్ని కొంచెం కొంచెంగా కలపాలి, నీలంలోకి పసుపును కాదు. తెలుపు కలిపితే రంగు లేతదవడంతో పాటు చల్లబడుతుంది కూడా, ఎరుపులో తెలుపు వేస్తే లేత ఎరుపు బదులు గులాబి వచ్చేది ఇందుకే. పైగా ఆరాక మారిపోతుంది: వాటర్ కలర్ ఆరితే లేతబడుతుంది, యాక్రిలిక్ ఆరితే కాస్త ముదురుతుంది. ఈ మార్పులన్నీ అంకెల్లో పట్టలేం అనుకోకండి. కుబెల్కా, ముంక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1931లోనే పెయింట్ పొర వెలుగును ఎంత మింగుతుందో, ఎంత చెదరగొడుతుందో లెక్కగట్టే సమీకరణాలు ఇచ్చారు.

ఇంకు రంగులు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు

ఇది తీసివేతలోనే పద్ధతిగా చేసిన తీసివేత. సయాన్ ఎరుపు వెలుగును, మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని మింగుతాయి. ఒక్కో ఇంకు కంటి మూడు వాటాల్లో ఒక్కోదాన్ని తగ్గించే మీట లాంటిది. వెలుగు రంగులకూ ఇంకు రంగులకూ ఉన్న బంధం ఇదే: ఒకదానిలోని జత మొత్తం ఇంకోదానిలో మూల రంగు.

మూడూ కలిపితే నలుపు రావాలి. కానీ ఏ ఇంకూ తన వాటాను మాత్రమే తీసి మిగతాది పూర్తిగా వదిలేయదు, కాబట్టి నల్లటి గోధుమ రంగు దగ్గర ఆగిపోతుంది. పైగా చిన్న అక్షరాన్ని మూడు ఇంకుల్లో ముద్రిస్తే ఏ ఒక్క పలక వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగులు బయటపడతాయి. అందుకే నలుపు విడిగా వచ్చింది. నాలుగూ నూటికి నూరు వేస్తే 400 శాతం ఇంకు, అంత తడిని కాగితం పట్టలేదు. మంచి నునుపు కాగితానికి సాధారణంగా 300 శాతం చుట్టుపక్కల ఆపుతారు, వార్తాపత్రికల కాగితానికి ఇంకా తక్కువ.

అచ్చైన ఫొటోను భూతద్దంతో చూస్తే నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తాయి. చుక్క మీద చుక్క పడినచోట తీసివేత జరుగుతుంది. పక్కపక్కన ఉన్న చుక్కల నుంచి వచ్చే వెలుగు మాత్రం కంట్లో కలిసిపోతుంది. ఒకే కాగితం మీద రెండు లెక్కలూ నడుస్తున్నాయి.

ఈ పద్ధతిలో నష్టపోయేది మెరుపు. స్క్రీన్ మీది గాఢమైన నీలానికి ఇంకులో సయాన్, మెజెంటా రెండూ దండిగా వేయాలి. రెండూ వెలుగును మింగి మింగి చివరికి మసక ఊదా మిగులుతుంది. నియాన్ ఆకుపచ్చ, కాషాయపు మెరుపు కూడా అంతే. అవి తప్పదంటే ఆ రంగుకే ప్రత్యేకంగా కలిపిన ఇంకు వాడాలి. పసుపు, సయాన్ రంగుల విషయంలో మాత్రం ఇంకు చాలా స్క్రీన్లకు తీసిపోదు.

మీరు ఎవరైతే ఏది

బొమ్మలు వేయడం ఇప్పుడే మొదలుపెడుతున్నారా? పన్నెండు ట్యూబుల డబ్బా వద్దు. లెమన్ యెల్లో, క్వినాక్రిడోన్ రోజ్ లేదా మెజెంటా, థాలో బ్లూ, టైటానియం వైట్, ఈ నాలుగుతో నెల రోజులు కలపండి. తేటైన రంగులు చాలావరకు వస్తాయి, పైగా ఎవరు ఎవర్ని మింగుతున్నారో అర్థమవుతుంది. తర్వాత అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు) చేర్చుకోండి. ఈ రెండూ కలిపితే వచ్చే ముదురు బూడిద రంగు ట్యూబులోని నలుపు కంటే చాలా సజీవంగా ఉంటుంది. ముఖచిత్రాలే మీ ఇష్టమైతే పాత ఎరుపు-పసుపు-నీలంతో మొదలుపెట్టినా నష్టం లేదు.

ప్రింట్ కోసం డిజైన్ చేసేవాళ్లు పని మొదట్లోనే సీఎంవైకేలోకి, అంటే పైన చెప్పిన నాలుగు ఇంకుల లెక్కలోకి మారి, ప్రింట్ వేసేవాళ్లు చెప్పిన కలర్ ప్రొఫైల్ (ఆ ప్రింట్‌లో రంగులు ఎలా వస్తాయో కంప్యూటర్‌కు చెప్పే ఫైల్) పెట్టుకోవాలి. పనంతా అయ్యాక మారిస్తే రంగులన్నీ ఒక్కసారిగా చప్పబడతాయి, అప్పుడు తలపట్టుకోవాలి. ముఖ్యమైన పనికి ఒక్క నమూనా కాపీ తీయించి పగటి వెలుగులో చూసుకోండి. పని స్క్రీన్ మీదే ఉండిపోతుందంటే ఈ టెన్షన్ ఏదీ అక్కర్లేదు.

కంప్యూటర్‌లోనో ట్యాబ్‌లోనో బొమ్మలు వేసేవాళ్ల పరిస్థితి వేరు. చేతిలో కుంచె, లోపల వెలుగు లెక్క. చాలా యాప్‌లలో నీలం మీద పసుపును సగం సగం కలిపితే ఆకుపచ్చ రాదు, బూడిద రంగు వస్తుంది. నీలం అంకెలు 0, 0, 255. పసుపువి 255, 255, 0. రెండింటి సగటు తీస్తే మూడూ దాదాపు 128, అది బూడిదే. ఎరుపు నుంచి ఆకుపచ్చకు రంగు సాగదీసినప్పుడు మధ్యలో బురద రంగు వచ్చేదీ ఇలాంటి సగటు వల్లే. ఆ అంకెలు వెలుగు మోతాదుకు నేరుగా సమానం కావు. అసలు వెలుగులో సగం సగం కలిస్తే అంకె 128 కాదు, 188 దగ్గర ఉండాలి. పెయింట్ అనుభూతే కావాలంటే పిగ్మెంట్‌లా కలిపే సౌకర్యం ఉన్న యాప్ చూసుకోండి. లేకపోతే మధ్య రంగును కలపడం మానేసి నేరుగా ఎంచుకోండి.

పిల్లలకు చూపించాలనుకునే అమ్మానాన్నలు, టీచర్లు చీకటి గదిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు మూడు కాస్త ఎడంగా పెట్టి తెల్ల గోడ మీద ఒకేచోట వేయండి. గోడ తెల్లబడుతుంది. ఆ వెలుగుకు అడ్డంగా చెయ్యి పెట్టమనండి. నీడ నల్లగా పడదు, విడివిడిగా మూడు నీడలు పడతాయి. ఎర్ర లైటుకు అడ్డం వచ్చినచోట సయాన్, ఆకుపచ్చకు అడ్డం వచ్చినచోట మెజెంటా, నీలానికి అడ్డం వచ్చినచోట పసుపు. ప్రింటర్‌లోని మూడు ఇంకులూ గోడ మీద వేళ్ల ఆకారంలో కనిపిస్తాయి.